మీ బడికి రాబోతున్న కొత్త టీచరు గురించి

ప్రాథమిక పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, తరగతి ఉపాధ్యాయులకు,



రేపో ఎల్లుండో మీ బడి గేటు దగ్గరికి ఇద్దరో ముగ్గురో పిల్లలు వస్తారు. డీఎల్‌ఈడీ చదువుతున్నవాళ్లని పిల్లలనడం తప్పే కావచ్చు, కానీ నా వయసుకి వాళ్లు పిల్లలే. భుజాన సంచి, సంచిలో ఇంకా ఒక్క పేజీ కూడా నిండని రికార్డు పుస్తకాలు, చుట్టచుట్టి రబ్బరుబ్యాండు వేసిన చార్టులు, చేతిలో ప్రిన్సిపాల్ సంతకం చేసిన ఉత్తరం. వమరవల్లి, భీమునిపట్నం, బొమ్మూరు, అంగలూరు, బోయపాలెం, మైనంపాడు, పల్లిపాడు, కార్వేటినగరం, బుక్కపట్నం డైట్‌ల నుంచి వస్తారు. ప్రైవేటు కాలేజీల నుంచీ వస్తారు. లోపలికి రావచ్చా అని అడగడానికి కూడా మొహమాటపడుతూ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడతారు.

ఆ సమయానికి మీరు తీరిగ్గా ఉండరని నాకు తెలుసు. ఫోనులో హాజరు ఎక్కించాలి. గుడ్లు లెక్కపెట్టించుకోవాలి. గ్యాసు అయిపోయిందని వంటావిడ చెబుతూ ఉంటుంది. ఒక టీచరు సెలవు. ఏదో వివరం ఇప్పటికిప్పుడు పంపాలని ఫోనులో మెసేజ్. ఆ హడావిడిలో ఈ పిల్లలు కనబడగానే మన నోట వచ్చే మాట ఒకటుంది. "అమ్మయ్య, వచ్చారా! ఆ రెండో తరగతిలోకి వెళ్లి కూర్చోండమ్మా, టీచరు లేరు."

ఆ మాట అనవద్దని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్‌జీటీ)గా, తర్వాత ప్రధానోపాధ్యాయురాలిగా ముప్పై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాను. నా ట్రైనింగ్ 1984లో. అప్పటికింకా మండలాలు రాలేదు, మావి సమితి బడులు. టీచింగ్ ప్రాక్టీసు మొదటిరోజు నన్ను ఊరి బడికి పంపారు. హెడ్‌మాస్టారు నా కాగితం చూసి, "మూడో తరగతి మీదేనమ్మా" అని చెప్పి, సైకిలెక్కి సమితి ఆఫీసుకి వెళ్లిపోయారు. నేల మీద బారులు తీరి అరవై మంది దాకా పిల్లలు. నేను రాత్రంతా కూర్చుని 'మొక్కలోని భాగాలు' పాఠానికి పథకం రాసుకున్నాను. వేళ్లతో సహా పీకిన వంగమొక్కను తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్నాను. వేరు, కాండం, ఆకు, పువ్వు, కాయ అని చూపించాను. నలభై నిమిషాలకని రాసుకున్న పాఠం పది నిమిషాల్లో అయిపోయింది. తర్వాత ఏం చేయాలో నాకు తెలియలేదు. ముందు వరసలో ఒక పిల్ల, "టీచరుగారండీ, గంట ఎప్పుడు కొడతారండీ?" అని అడిగింది. వెనక ఇద్దరు కొట్టుకున్నారు. ఒకడు బయటికి పరిగెత్తాడు, వాడి కోసం నలుగురు లేచారు. నేను డస్టరుతో బల్ల మీద కొట్టాను, అరిచాను. మధ్యాహ్నానికి గొంతు పోయింది. మొక్క తలకిందులై మూల పడి ఉంది.

ఆ వేళ నేను నేర్చుకున్నది అరవడం ఒక్కటే. దాన్ని వదిలించుకోవడానికి ఉద్యోగం వచ్చాక నాకు ఆరేడేళ్లు పట్టింది. ఆ ఆరేడేళ్లలో నా తరగతిలో కూర్చున్న పిల్లలకు నేనిప్పుడు ఏం తిరిగి ఇవ్వగలను?

మా కాలంలో టీచింగ్ ప్రాక్టీసు కొద్ది వారాల ముచ్చట. ఇప్పుడలా కాదు. టీచర్ల శిక్షణ ఎలా ఉందో చూడమని సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో నివేదిక ఇచ్చింది. 2014లో ఎన్‌సీటీఈ కొత్త నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం డీఎల్‌ఈడీ చదివే వాళ్లు రెండేళ్లలో 20 వారాలు ఇంటర్న్‌షిప్‌గా బడిలో గడపాలి. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి అయిదు తరగతులకు పెట్టిన పనిదినాలు ఏడాదికి 200. అంటే దాదాపు సగం ఏడాది ఆ పిల్లలు మీ దగ్గరే ఉంటారు. కాలేజీలో ఏ లెక్చరరుకీ వాళ్ల మీద ఇంత హక్కు లేదు.

ఇంకొకటి గుర్తుచేస్తాను. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు, బీఈడీ చేసినవాళ్లు ఐదో తరగతి వరకు పిల్లలకు టీచర్లుగా అర్హులు కారని తీర్పు చెప్పింది. చిన్నపిల్లలకు చదువు చెప్పడం వేరే విద్య, దానికి వేరే శిక్షణ కావాలన్నది అందులో సారం. డీఎల్‌ఈడీ పిల్లలు ఆ తీర్పుకి సంతోషించారు, నేనూ సంతోషించాను. కానీ ఆ వేరే విద్య ఎక్కడుంది? కాలేజీ పుస్తకాల్లో పియాజే ఉంటాడు, వైగాట్‌స్కీ ఉంటాడు. వాళ్లని చదవాల్సిందే. కానీ ఆరేళ్ల పిల్లాడు 'మ' రాయబోయి 'య' ఎందుకు రాస్తాడు, 'ప', 'డ', 'వ' అని విడివిడిగా గడగడా చదివే పిల్ల మూడూ కలిపి 'పడవ' అనలేక ఎందుకు ఆగిపోతుంది, సోమవారం పొద్దున్న పిల్లలు ఎందుకు మగతగా ఉంటారు, ఇవన్నీ మీ తరగతి గదిలో ఉన్నాయి. మీ చేతుల్లో, మీ కళ్లలో ఉన్నాయి. మీరు చూపిస్తే తప్ప వాళ్లకు కనబడవు.

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ఉంటే అందులో వేలకొద్దీ ఎస్‌జీటీ పోస్టులు. ఆ ఉద్యోగాల్లో చేరినవాళ్లంతా ఒకప్పుడు ఎవరో ఒకరి బడి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడినవాళ్లే.

మీకు నీతులు చెప్పే అర్హత నాకు పుట్టుకతో రాలేదు. టీచరు లేని తరగతిలోకి వెళ్లి కూర్చోమన్న ఆ మాట నేనూ అన్నదాన్నే. ఒక ఏడాది మా బడిలో ఒక టీచరు ప్రసూతి సెలవు మీద వెళ్లారు, బదులు ఎవరూ రాలేదు. ఉన్న ఇద్దరం అయిదు తరగతులు లాక్కొస్తున్నాం. సరిగ్గా అప్పుడే ఛాత్రోపాధ్యాయులు వచ్చారు. వాళ్లలో చురుగ్గా ఉన్న అమ్మాయికి ఒకటి, రెండు తరగతులు అప్పజెప్పేశాను. ఆ పిల్ల ఒక్కరోజు సెలవు పెట్టలేదు. రెండు బస్సులు మారి ప్రార్థన వేళకి ముందే వచ్చేది. పిల్లలకు జడలు వేసేది, ముక్కులు తుడిచేది. ఆమె గదిలోంచి గోల వినబడేది కాదు కాబట్టి అంతా బాగుందనుకున్నాను. వారం వారం ఆమె రికార్డు మీద 'బాగుంది' అని రాసి సంతకం పెట్టాను.

వెళ్లిపోయే రోజు పిల్లలు బంతిపూలు తెచ్చి ఇచ్చారు, ఏడ్చారు. అందరూ వెళ్లాక ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "మేడమ్, ఒకటి అడగనా? నేను పాఠం చెబుతుంటే మీరు ఒక్కసారైనా చూశారా? సరిగ్గా చెప్పానో లేదో నాకు తెలియడం లేదు" అంది. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పక్కగదిలోనే ఉండి ఒక్క పూట కూడా ఆమె తరగతిలో కూర్చోలేదు నేను. నాకు కావలసిన పని చేయించుకున్నాను, ఆమెకు కావలసింది ఇవ్వలేదు.

ఆ తర్వాత నా సర్వీసులో మిగిలిన ఏళ్లలో వేరేగా నడుచుకున్నాను. అందులో పనికొచ్చిందేదో మీకు చెబుతాను.

మొదటి వారం ఛాత్రోపాధ్యాయులకు పాఠం ఇవ్వవద్దు. కూర్చుని చూడనివ్వండి. వెనక బెంచీలో కాదు. మామూలుగా అక్కడే కూర్చోబెడతాం, అది పొరపాటు. వెనక కూర్చుంటే జుట్లూ జడలూ కనబడతాయి, మొహాలు కనబడవు. గోడవారగా పక్కకి కుర్చీ వేస్తే పిల్లల మొహాలూ కనబడతాయి, మీ మొహమూ కనబడుతుంది. తరగతి మొత్తాన్ని చూడమంటే ఏమీ చూడలేరు. ముగ్గురు పిల్లల్ని చూడమనండి. లెక్క అందరికంటే ముందు పూర్తిచేసేవాడు ఒకడు, ఎప్పుడూ చెయ్యెత్తనిది ఒకర్తి, రోజూ ఆలస్యంగా వచ్చేవాడు ఒకడు. వారం చివర ఆ ముగ్గురి గురించి ఏం చూశావో చెప్పమ్మా అని అడగండి.

ఒకసారి ఇలాగే మూడో తరగతిలో ఒక పిల్లాణ్ణి చూడమని చెప్పాను. వాడి చూచిరాత ముత్యాల్లా ఉండేది. ఎవరైనా వస్తే చూపించడానికి ముందు వాడి పుస్తకమే తీసేవాళ్లం. శుక్రవారం నాడు ఆ ఛాత్రోపాధ్యాయుడు వచ్చి, "మేడమ్, వాడు బోర్డు మీద ఒక అక్షరం చూస్తాడు, రాస్తాడు, మళ్లీ తలెత్తి ఇంకో అక్షరం చూస్తాడు. మిగతా పిల్లలు మాట మాటకీ తలెత్తుతున్నారు, వీడు అక్షరం అక్షరానికీ ఎత్తుతున్నాడు" అన్నాడు. నాకు గుండె ఝల్లుమంది. వాణ్ణి పిలిచి వాడి చేత్తో రాసిందే చదవమన్నాను. చదవలేకపోయాడు. వాడు రాయడం లేదు, బొమ్మలు గీస్తున్నాడు. అప్పటికి ఎనిమిది నెలలుగా వాడు నా తరగతిలో ఉన్నాడు. వాడి రాతను మెచ్చుకుంటూ వాడికి చదవడం రాదన్న సంగతే నేను కనిపెట్టలేదు. పందొమ్మిదేళ్ల కుర్రాడు ఊరికే కూర్చుని అయిదు రోజుల్లో కనిపెట్టాడు. పాఠం చెప్పే బరువు అతని మీద లేదు కాబట్టే అది అతనికి కనబడింది. ఆ తర్వాత రెండు నెలలు రోజూ భోజనాల గంటకు ముందు ఆ కుర్రాడే వాడితో కూర్చున్నాడు. వాడి ఊరి పేరు, వాళ్లమ్మ పేరు, వాడి మేకపిల్ల పేరు, వాడికి ఇష్టమైన మాటలతో మొదలుపెట్టాడు. నిపుణ్ భారత్ అని 2021లో దేశమంతటికీ లక్ష్యం పెట్టారు, మూడో తరగతికల్లా ప్రతి పిల్లా చదవాలి, లెక్క చేయాలి అని. మంచి లక్ష్యం. దాన్ని అందుకోవడానికి మన చేతిలో ఉన్న మంచి పనిముట్టు ఇంకో జత కళ్లు.

రెండో వారం నలుగురైదుగురు పిల్లల్ని ఇవ్వండి. తరగతి మీదే ఉంటుంది, ఆ నలుగురు వాళ్ల దగ్గర ఉంటారు. చిన్న గుంపులో తప్పు ఎక్కడ పుడుతుందో కనబడుతుంది.

52లోంచి 27 తీసేయమంటే 35 అని రాసే పిల్లలు మీ తరగతిలో కూడా ఉంటారు. ఒక అమ్మాయి అలాంటి లెక్కలు పదింటికీ ఎర్రసిరాతో ఇంటూలు కొట్టి నా దగ్గరికి తెచ్చింది. "ఇంటూ కొట్టే ముందు ఎలా చేశావురా అని అడుగు" అన్నాను. అడిగింది. వాడు చెప్పాడు: "అయిదులోంచి రెండు తీస్తే మూడు, ఏడులోంచి రెండు తీస్తే అయిదు." వాడికి తీసివేత వచ్చు. పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలని మనమే చెప్పాం, వాడు మన మాట విన్నాడు. పైనున్నది రెండే అయినా దాంట్లోంచి ఏడు ఎలా తీయాలో మనం చూపించలేదు. పక్కనున్న అంకె దగ్గర అప్పు తెచ్చుకో అని చెబుతాం, అప్పంటే తిరిగి ఇవ్వాలి కదా అని పిల్లలు అనుకుంటారు. మర్నాడు ఆ అమ్మాయి చీపురుపుల్లలు తెచ్చి పదేసి కట్టలు కట్టింది. అయిదు కట్టలు, రెండు విడిపుల్లలు. "ఇందులోంచి ఇరవై ఏడు ఇవ్వరా" అంది. వాడు రెండు కట్టలు ఇచ్చాడు, విడిపుల్లల దగ్గర ఆగాడు. కాసేపు చూసి, తనే ఒక కట్ట విప్పాడు. పన్నెండు పుల్లలయ్యాయి. ఏడు ఇచ్చాడు. మిగిలినవి లెక్కపెట్టి "ఇరవై అయిదు" అన్నాడు. ఆ అమ్మాయి నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ నా కళ్లలో ఉంది. ఆ క్షణాన ఆమె టీచరయింది. నేను పక్కన లేకపోతే ఆ పది లెక్కలకీ ఇంటూలు అలాగే ఉండేవి.

మూడో వారం నుంచి పాఠం ఇవ్వండి, ముందు రోజుకొకటి. వాళ్లు చెబుతున్నంతసేపూ మీరు ఆ గోడవార కుర్చీలో ఉండండి. మధ్యలో కల్పించుకుని పిల్లల ముందు దిద్దవద్దు. సాయంత్రం గంట కొట్టాక పదిహేను నిమిషాలు కూర్చుని మాట్లాడండి. మొదట వాళ్లనే చెప్పమనండి, ఎక్కడ తేలిగ్గా అనిపించింది, ఎక్కడ చేయి జారింది అని. ఆ తర్వాత మీరు చూసిందే చెప్పండి. 'బాగా చెప్పావు', 'గొంతు పెంచాలి' అన్న మాటల వల్ల ప్రయోజనం లేదు. 'నువ్వు ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగలేదు, నువ్వే చెప్పేశావు', 'పాఠమంతా కుడివైపు కూర్చున్న వాళ్లతోనే మాట్లాడావు' అంటే మర్నాడే మార్చుకుంటారు. ఈ పదిహేను నిమిషాలే ఇంటర్న్‌షిప్ అని నా నమ్మకం. మిగతాదంతా పక్కపక్కన పనిచేయడమే.

సీతంపేట ఏజెన్సీ అంచున ఉన్న బడిలో పనిచేసినప్పటి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. ఒకటో తరగతిలో ఒక సవర పిల్ల బడిలో చేరి రెండు నెలలైనా నోరు విప్పలేదు. మందకొడి పిల్ల అనుకున్నాం. ఆ ఏడాది వచ్చిన ఛాత్రోపాధ్యాయుల్లో ఒకమ్మాయి సవర కుటుంబం నుంచి వచ్చింది. మూడోరోజు ఆ పిల్ల పక్కన కింద కూర్చుని సవరలో ఏదో అడిగింది. పిల్ల జవాబు చెప్పింది. ఆగకుండా చెబుతూనే ఉంది. తెలుగులో అడిగితే తెలియని లెక్కలన్నీ దానికి సవరలో వచ్చు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు సవరలకు సవరలోనే చదువు చెప్పాలని తాను ఆ భాష నేర్చుకుని, వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు నడిపారని మనం పాఠాల్లో చెబుతూనే ఉంటాం. వందేళ్ల తర్వాత కూడా ఆ పిల్లని మందకొడి అనుకున్నాం. ఆ ఛాత్రోపాధ్యాయిని మా దగ్గర నేర్చుకున్నదెంతో తెలియదు. మేం ఆమె దగ్గర నేర్చుకున్నది మాత్రం పెద్దది. మీ బడికి వచ్చేవాళ్లలో ఎవరికి ఏ భాష వచ్చో, ఎవరు పాడతారో, ఎవరు బొమ్మలు వేస్తారో మొదటిరోజే అడిగి తెలుసుకోండి.

ఇక బెత్తం సంగతి. "ఇది చేతిలో లేకపోతే వీళ్లు వినరమ్మా" అని కొత్తవాళ్ల చేతికి బెత్తం ఇచ్చే పెద్దమనుషుల్ని చూశాను. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మాటలతో హింసించడాన్నీ నిషేధించి ఇన్నేళ్లయింది. చట్టం పక్కన పెట్టండి. కొత్తగా పాఠం చెప్పడానికి వచ్చిన పిల్ల మొదటి వారంలో ఏది పట్టుకుంటే ఏళ్ల తరబడి అదే పట్టుకుంటుంది. నాకు డస్టరు దొరికింది.

రికార్డుల గురించి కాలేజీ వాళ్లకు చెప్పాల్సింది చాలా ఉంది కానీ ఈ ఉత్తరం వాళ్లకు కాదు. అయినా ఒక మాట. ఉన్ముఖీకరణ, శీర్షిక ప్రకటన, నల్లబల్ల పని అంటూ గడులు గీసి రంగురంగుల స్కెచ్ పెన్నులతో నింపే ఆ పుస్తకాలు చాలావరకు సీనియర్ల దగ్గర చూసి రాసినవే. మీరు సంతకం పెట్టే ముందు రికార్డులో ఉన్న పాఠం, తరగతిలో చెప్పిన పాఠం ఒకటేనా అని చూడండి. కాకపోతే రాసింది కొట్టేయమని చెప్పండి. కొట్టివేతలున్న రికార్డే నిజమైన రికార్డు. బజారులో కొన్న చార్టు కంటే పిల్లలు ఏరుకొచ్చిన చింతగింజలు మేలని ధైర్యం చెప్పండి. వాళ్లలో చాలామందికి బస్సు చార్జీలే బరువు.

కొందరు వెనక కూర్చుని డీఎస్సీ బిట్లు చదువుకుంటూ ఉంటారు. మీకు కోపం వస్తుంది. వాళ్ల అక్కలూ అన్నలూ అవనిగడ్డలో అద్దెగదుల్లో నెలల తరబడి కోచింగ్ తీసుకోవడం వాళ్లు చూశారు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియని బతుకు వాళ్లది. తిట్టవద్దు. ఆ పుస్తకంలో చదివే బోధనా పద్ధతి ఇదిగో ఈ పిల్ల దగ్గర ఎలా పనిచేస్తుందో చూడు అని పిలవండి. వస్తారు.

"మాది ఏకోపాధ్యాయ పాఠశాల, అయిదు తరగతులూ నేనే, నువ్వు చెప్పే గోడవార కుర్చీలో కూర్చునేదెవరు?" అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఇప్పుడు మోడల్ ప్రైమరీ పేరుతో తరగతికో టీచరున్న బడులు వస్తున్నాయి. ఛాత్రోపాధ్యాయుల్ని ముందుగా అలాంటి చోటికి పంపడం మంచిది. అయినా ఏకోపాధ్యాయ బడికి పంపితే, అక్కడ మాత్రమే దొరికే విద్య ఒకటుంది. మూడో తరగతికి రాత పని ఇచ్చి, అయిదో తరగతి పెద్దపిల్లల్ని ఒకటో తరగతి పక్కన కూర్చోబెట్టి, మీరు రెండో తరగతితో మాట్లాడతారే, ఆ నేర్పు ఏ కాలేజీలోనూ లేదు. ఒకే గదిలో ఇద్దరూ ఉండండి. గదులు పంచుకోవద్దు. ఒక తరగతికి వాళ్లు చెబుతుంటే మీ చెవి ఒకటి అటు ఉంటుంది. టీచర్ల ఖాళీలు నింపాల్సింది ప్రభుత్వం. విద్యాహక్కు చట్టం 26వ సెక్షన్ ఖాళీలు పదో వంతు దాటకూడదంటుంది. ఆ ఖాళీని జీతం లేని పందొమ్మిదేళ్ల పిల్లతో నింపితే, నింపాల్సినవాళ్లకు ఖాళీ ఉన్నట్టే కనబడదు. మా బడిలో అదే జరిగింది. సర్దుకుపోతున్నారు కదా అని పై అధికారులు అన్నారు.

చిన్న విషయాలు కూడా చెబుతాను, చిన్నవని వదిలేస్తే కుదరదు. వచ్చిన రోజే మరుగుదొడ్డి ఎక్కడుందో, దాని తాళం ఎవరి దగ్గరుందో ఆడపిల్లలకు చెప్పండి. అడగలేక రోజంతా మంచినీళ్లు తాగకుండా కూర్చున్నవాళ్లని చూశాను. సంచి ఎక్కడ పెట్టుకోవాలో చూపండి. మధ్యాహ్నం వాళ్లని పిల్లల భోజనాల దగ్గర నిలబెట్టండి. వడ్డించడానికి కాదు, చూడ్డానికి. ఎవరు రెండోసారి పెట్టించుకుంటున్నారు, ఎవరు గుడ్డు దాచి చెల్లెలి కోసం పట్టుకెళుతున్నారు, ఎవరు ఒక్కళ్లే పక్కకి కూర్చుంటున్నారు అన్నది అక్కడే తెలుస్తుంది. పిల్లల ముందు వాళ్లని 'ట్రైనింగ్ వాళ్లు' అనకండి. "ఈ టీచరు పేరు ఇదీ, కొన్నాళ్లు మనతో ఉంటారు" అని ప్రార్థనలో అందరికీ చెప్పండి. మీరు గౌరవంగా పిలిస్తే పిల్లలూ అలాగే పిలుస్తారు.

గిజుభాయి 1932 నాటి 'దివాస్వప్న' మీలో చాలామంది చదివే ఉంటారు, తెలుగులో 'పగటికల'గా వచ్చింది. అందులో ఒక మాస్టారు ఎన్నో ఆలోచనలతో నాలుగో తరగతిలో అడుగుపెడతాడు. మొదటిరోజు పిల్లల్ని నిశ్శబ్దంగా కూర్చోబెట్టే ఆట మొదలుపెడితే తరగతంతా గోల గోలయిపోతుంది. రాసుకున్నదేదీ పారదు. ఇంటికెళ్లి ఆలోచించుకుని, మర్నాడు కథతో మొదలుపెడతాడు. అంత ఆలోచించి వెళ్లినవాడికే మొదటిరోజు అలా గడిస్తే మన పిల్లలకు గడవకుండా ఉంటుందా? వాళ్ల మొదటి పాఠం కూడా పది నిమిషాల్లో అయిపోతుంది. అవనివ్వండి. పదకొండో నిమిషంలో వాళ్లు మీ వైపు చూస్తారు. ఆ చూపుకి అందేలా మీరు గదిలో ఉండాలి. మీరు లేచి వెళ్లి, పిల్లలతో "మీ ఇంటి దగ్గర ఏ మొక్కలున్నాయి?" అని ఒక ప్రశ్న వేసి మళ్లీ వచ్చి కూర్చుంటే చాలు, మిగతా ముప్పై నిమిషాలు వాళ్లే నడిపిస్తారు. 1984లో ఆ ప్రశ్న వేయడానికి నా గదిలో ఎవరూ లేరు.

రేపో ఎల్లుండో వాళ్లు వస్తారు. ఎనిమిదిన్నరకల్లా గేటు దగ్గర ఉంటారు, ఆలస్యమైతే ఏమంటారోనని మొదటి బస్సుకే బయలుదేరతారు. హాజరు కాసేపు ఆగి ఎక్కించవచ్చు. ముందు వాళ్లని లోపలికి పిలిచి మంచినీళ్లివ్వండి. మీ తరగతి గదిలో గోడవారగా ఒక కుర్చీ వేయించండి. మొదటి వారం అందులో వాళ్లని కూర్చోబెట్టండి. మూడో వారం నుంచి మీరు కూర్చోండి.

ఇట్లు,
రిటైరైన ఒక ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు